ఒకరి వాన, ఒకరి నష్టం

"కరువుసీమలో రంగులరాట్నమేమిటి?" అని అడిగేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. తినడానికే లేనిచోట తిరగడమేమిటన్నది వాళ్ళ ప్రశ్న. మాట చూస్తే నీతివాక్యంలాగే ఉంటుంది. పేదల పక్షాన మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నేను కూడా చాలాకాలం దాన్ని అట్లాగే తీసుకొన్నాను. అనంతపురం జిల్లాలో ఒక తిరునాలలో, ఒక సాయంకాలం గాలివాన వచ్చి, కరెంటు పోయి, జెయింట్ వీల్ ఆగిపోయినప్పుడు ఆ ప్రశ్న వెనక ఏముందో నాకు అర్థమైంది. అర్థమైన తర్వాత దాన్ని నీతివాక్యమని ఒప్పుకోలేకపోయాను.

ముందు మా నేల సంగతి చెప్పాలి. నైరుతి పవనాలు తమ నీటిలో అధికభాగాన్ని పడమటి కనుమల మీదనే కురిసేసి, వట్టి చేతులతో మా పీఠభూమికి వస్తాయి. ఈశాన్య పవనాలు తూర్పుతీరాన్ని తడిపి, మిగిలినదేదో మాకు పంపుతాయి. రెండూ కలిసి ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా వేళకు పడదు. ఎర్రనేల లోతు తక్కువ గనక పడిన తేమ నిలవదు. ఇట్లాంటి నేలలో లక్షల ఎకరాల వేరుసెనగ వానను నమ్ముకొని బతుకుతున్నది. అందువల్ల మావాళ్ళు వాతావరణ వార్తలు వినే తీరే వేరు. బంగాళాఖాతంలో అల్పపీడనమని రేడియో చెప్పితే కోస్తావాళ్ళు భయపడతారు, మావాళ్ళు ఆశపడతారు. ఒకరి గుండెదడ ఒకరికి శుభవార్త.

మా తిరునాళ్ళలో కొన్ని సరిగ్గా ఈ ఎదురుచూపుల రోజుల్లోనే వస్తాయి. మొహరం చాంద్రమానం ప్రకారం జరిగే పండుగ. ఏటా పదిపదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లోనూ 2024లోనూ అది జూలైలో వచ్చింది. అంటే హిందువులూ ముస్లిములూ కలిసి నార్పల మండలంలోని గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి కదిలే రోజులూ, రైతు విత్తనాలు సిద్ధం చేసుకొని ఆకాశం వైపు చూసే రోజులూ ఒకటయ్యాయి. రైతు కోరుకొనే వాన, తిరునాలలో ఆటబొమ్మలమ్మేవాడు వద్దనుకొనే వాన ఒక్కటే.

నేను చెప్పే తిరునాల ఊరిపేరు ఇక్కడ అవసరం లేదు. ఊరి బయట బీడుపొలంలో జెయింట్ వీలూ, పిల్లలు ఎక్కే చిన్న రైలూ, ఊగే పడవా వేశారు. వాటిచుట్టూ బొరుగులూ, బత్తాసులూ, గాజులూ, బెలూన్లూ. పొద్దు వాలే వేళకు పడమట దుమ్ము లేచింది. టార్పాలిన్లు ఎగిరిపోయాయి, ఒక దుకాణం రేకులు లేచిపోయాయి. తర్వాత కరెంటు పోయింది. దీనికి ఎవరినీ తప్పుపట్టను. గాలికి తీగలు ఒకదానికొకటి తగిలితే లైను దానంతటదే తెగి ఆగాలి. ఆగకపోతే తడినేల మీద మనుషులు చస్తారు. ఉరవకొండ వైపున గాలిమరలు తిప్పి కరెంటు తీసే జిల్లా ఇది. ఆ గాలే కాస్త గట్టిగా వీస్తే మా ఊళ్ళు చీకటైపోతాయి. జనరేటరు ఉంది గాని, తడిసి మొరాయించింది.

చక్రం ఆగేటప్పటికి పైతొట్టిలో ఒక తల్లీ ఇద్దరు పిల్లలూ ఉన్నారు. దాన్ని నడిపే నలుగురు కుర్రవాళ్ళు ఆ వానలోనే ఇనుప చట్రం పట్టుకొని, చేతులతో లాగి, ఒక్కొక్క తొట్టినే కిందికి దించారు. చివరి పిల్లను దించేటప్పటికి వాళ్ళ అరచేతులు బొబ్బలెక్కాయి. అందరం పక్కనున్న బడి వరండాలో చేరాం. అక్కడొక రైతు తలగుడ్డ పిండుకొంటూ నవ్వుతున్నాడు. ఆ నలుగురిలో ఒకడు ఆయన్ను అడిగాడు.

"అన్నా, ఈ వాన ఇంకా ఎన్ని రోజులుంటది?"

"ఏమప్పా అట్లంటావు? ఇంకో రెండు దినాలన్నా పడల్ల. పదునైతే బుడ్డలు ఏసుకుంటాము."

"రెండు రోజులు పడితే తిరునాల అయిపోద్దన్నా. చక్రం తిరిగితేనే మాకు కూలి."

రైతు నవ్వు ఆగిపోయింది. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. వాన తగ్గిన తర్వాత ఆ రైతు నలుగురినీ తన ఇంటికి తీసుకుపోయి సంగటి పెట్టించాడు. మరి రెండు రోజులు జల్లులు పడుతూనే ఉన్నాయి. బీడంతా బురద. చక్రం తిరగలేదు. మూడోరోజు దాన్ని విప్పి లారీలో వేసుకొని వెళ్ళిపోయారు.

ఆ వరండాలో ఎవరిది న్యాయం? రైతు సంతోషించడం తప్పా? కాదు. వాన ఒకరిని ఉద్దేశించి కురవదు. "దేవుడు కరుణించినాడు" అని రైతు అంటే, ఆ దేవుడే కుర్రవాళ్ళను శిక్షించాడని కూడా అనవలసివస్తుంది. ప్రకృతికి కరుణ లేదు, పగ లేదు. కాబట్టి వాన కురవడంలో నీతిప్రశ్న లేదు. వాన వెలిసిన తర్వాత లెక్కలు వేయడంలో ఉంది. లాభం ఎవరిది, నష్టం ఎవరిది, ఎవరి నష్టాన్ని నష్టమని పిలుస్తున్నాం అన్నదగ్గర ప్రకృతి పని అయిపోయి సమాజం పని మొదలవుతుంది.

విపత్తు సహాయనిధి నిబంధనలు చూడండి. మనిషి చనిపోతే ఇంత, ఇల్లు కూలితే ఇంత, పశువు పోతే ఇంత అని పట్టికలున్నాయి. పంట 33 శాతం, అంతకు మించి పోతే సహాయానికి అర్హత. 2015కు ముందు ఇది 50 శాతం. మత్స్యకారుని పడవకూ వలకూ, నేతగాని మగ్గానికీ పట్టికలో చోటుంది. ఈ పద్దుల్లో ఏదీ ఏలినవారి దయవల్ల రాలేదు. రైతులూ, నేతగాళ్ళూ, మత్స్యకారులూ సంఘాలు పెట్టుకొని, కచేరీల ముందు కూర్చొని, ఏళ్ళ తరబడి అడిగి తెచ్చుకొన్నవి. ఇచ్చేది చాలదు, వేళకు రాదు అన్నది వేరే పోరాటం. కాని ఊరూరా తిరిగి చక్రం తిప్పేవాడు పోగొట్టుకొన్న కూలికి ఆ పట్టికలో గడే లేదు. అతనికి ఊరు లేదు గనక ఊరి లెక్కలోకి రాడు. అతని పనిని ఎవరూ పని అనరు గనక పని పోయిన లెక్కలోకీ రాడు.

ఇది మా బీడుపొలం సంగతి మాత్రమే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. సముద్రం పక్కనున్న కైలాసగిరి మీద తీగమార్గం, పిల్లల రైలు, ఉద్యానం ఉన్నాయి. ఆ కొండ మీది పచ్చదనం ఒక్కనాటి గాలికి మోడైపోయింది. మొదట ఆసుపత్రులకూ నీటి పంపులకూ కరెంటు ఇవ్వాలన్నదానిలో ఎవరికీ పేచీ లేదు. కాని కొండ మీద పార్కు మూతబడితే దాన్ని నమ్ముకొన్న ఫొటోగ్రాఫరూ, మొక్కజొన్న కంకులు కాల్చే మనిషీ, బెలూన్లవాడూ పస్తుంటారు. వాళ్ళను ఏ వరుసలో నిలబెట్టారు? సొంత జనరేటరున్న హోటల్లో వినోదానికి ఏ తుపానూ అడ్డురాదు. పదిరూపాయల వినోదమే చీకటిపాలవుతుంది. ఆ చీకటిలో నష్టపోయినవాణ్ణి చూసి, "ఇప్పుడు వినోదానికేం తొందర?" అంటాం.

ఇక్కడే మొదటి ప్రశ్నకు మళ్ళీ రావాలి. వినోదం అవసరం కాదనే వాదన ఎక్కడిది? 1877లో మద్రాసు రాజధానిలో కరువు మనుషులను తినేస్తుండగా, భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన రిచర్డు టెంపుల్ సహాయపనుల కూలిని రోజుకొక పౌను ధాన్యానికీ, కొద్దిపాటి చిల్లరకూ తగ్గించాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. మనిషి ప్రాణం నిలవడానికి అది చాలునన్నది అతని లెక్క. చాలదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. మా ప్రాంతం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో గాని అనంతపురం వేరు జిల్లా కాలేదు. ఆ కూలితో రాళ్ళు కొట్టినవాళ్ళలో మా ముత్తాతల తరంవాళ్ళున్నారు. టెంపుల్ తప్పు ఒక్క పౌనుల లెక్కలోనే లేదు. పేదవానికి కావలసినదెంతో పైనుంచి తూచి చెప్పవచ్చుననుకోవడంలోనే ఉంది. "కరువుసీమలో రంగులరాట్నమేమిటి?" అనేవాడు తెలియకుండానే ఆ తక్కెడే పట్టుకొంటున్నాడు. ధాన్యం పెంచాలంటాడు, సంతోషమే, కాని ధాన్యం తర్వాత గీత గీస్తాడు. ఆ గీత తన పిల్లలకు గీయడు.

ఆ పైతొట్టిలోని తల్లి ఏ పొలంలో కూలికి పోతుందో నాకు తెలియదు. ఏడాదికొకసారి పిల్లలను పైకెక్కించి, తమ ఊరిని ఆకాశంనుంచి చూపించాలనుకొంది. ఎండిన చెరువు, బోరు ఎండిన పొలం, వాటి మధ్య తమ ఇల్లు. పిల్లలు దాన్ని చూసి నవ్వారు. ఈ నవ్వు కరువును మరిపించే మత్తుమందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనిషి ఏటా మళ్ళీ విత్తడానికి కావలసిన బలంలో అదీ ఒక భాగం.

నాకొక ఆక్షేపణ ఎదురుకావచ్చు. ప్రభుత్వం దగ్గర డబ్బు పరిమితం, ముందు అన్నం, తర్వాతే ఆట అనవచ్చు. ఒప్పుకొంటాను. ఆసుపత్రి ముందు, నీళ్ళు ముందు, పంట ముందు. వరుసలో వెనకనుండడానికి చక్రం తిప్పే కుర్రవాడు కూడా అభ్యంతరం చెప్పడు; పైతొట్టిలో ఉన్నవాళ్ళు దిగేదాకా అతను వానలోనే నిలబడ్డాడు. కాని వరుసలో వెనకనుండడం వేరు, వరుసలోనే లేకపోవడం వేరు. మొదటిది న్యాయం కావచ్చు. రెండవది ఏనాటికీ న్యాయం కాదు. మనం రెండవదాన్ని చేస్తూ మొదటిదాని పేరు చెపుతున్నాం.

ఈ తప్పులో రచయితలకూ వాటా ఉంది. కరువు మీద మనం రాసిన కథల్లో రైతు ఉన్నాడు, ఎండిన బావి ఉంది, కటికెకు తోలిన ఎద్దు ఉంది. ఆ రైతు తిరునాలకు పోడు, నవ్వడు. నవ్వితే అతని బాధ అబద్ధమైపోతుందని మన భయం. తిరునాలనే వదిలేశాం గనక తిరునాల కూలీ కూడా మన కథలోకి రాలేదు. పట్టికలో గడి లేనివానికి మన సాహిత్యంలోనూ గడి లేకపోవడం కాకతాళీయం కాదు.

ఆ రాత్రి రైతు పెట్టిన సంగటి మంచి పనే. తన సంతోషానికి ఎవరో మూల్యం చెల్లిస్తున్నారని అతనికి తెలిసింది, చేతనైనంత చేశాడు. కాని ఒక మంచి రైతు ఎదురుపడితేనే అన్నం, ఎదురుపడకపోతే పస్తు అన్నప్పుడు దానికి దయ అని పేరు. హక్కు అని కాదు. వాన పడితే పంట మార్కెట్టుకు పోతుంది, వర్తకుడు బాగుపడతాడు, మిల్లు తిరుగుతుంది, సర్కారుకు పన్ను వస్తుంది. ఇంతమంది లాభంలో పాలు పంచుకొంటుండగా నష్టంలో పాలు పంచుకోవడానికి అప్పటికే అప్పులో ఉన్న రైతు ఒక్కడే మిగలడం ఏం న్యాయం?

వానకు సంతోషించిన సమాజం ఆ వానలో కూలి పోగొట్టుకొన్నవానికి ఋణపడి ఉంటుంది. ఆ ఋణాన్ని పట్టికలోకి ఎక్కించమని ముందుగా అడగవలసినవాళ్ళు రైతుసంఘాలవాళ్ళేనని నా అభిప్రాయం. లెక్కలోకి రానివాని బాధ ఏమిటో వాళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మళ్ళీ ఏడు అదే బీడులో చక్రం లేస్తుంది. మళ్ళీ మొగులు పడుతుంది. రైతు ఆ మొగులు వైపు చూసి సంతోషించవలసిందే. అదే సమయంలో చక్రం కింద నిలబడి పైకి చూస్తున్న కుర్రవాడు ఆ మొగులును చూసి భయపడనక్కరలేని ఏర్పాటు కావాలి.