దయ కాదు, న్యాయము



నోరులేనివారి పక్షమున మాటలాడుమని సామెతల గ్రంథము 31వ అధ్యాయము మనకు బోధించుచున్నది. అట్లు మాటలాడిన ఒక ఫ్రాన్సు దేశపు సంఘకాపరిని ఈ మాసము మనము జ్ఞాపకము చేసికొందము.

ఆయన పేరు రబో సెంతెత్యెన్. 1743లో నీమ్ పట్టణమున జన్మించెను. తండ్రి పాల్ రబో కూడ కాపరియే. 1685లో 14వ లూయి రాజు ప్రొటెస్టంటుల ఆరాధనను నిషేధించెను. అప్పటినుండి విశ్వాసులు కొండలలోను అడవులలోను రహస్యముగా కూడుకొనిరి. వారి వివాహములు చట్టము ముందు చెల్లలేదు. పట్టుబడినవారిలో అనేకులు ఓడలలో తెడ్లు వేయు శిక్ష అనుభవించిరి. రబో వంటివారి ప్రయాసవలన 1787లో వారి జనన, వివాహ, మరణములకు చట్టబద్ధమైన గుర్తింపు వచ్చెను గాని బహిరంగ ఆరాధనకు సెలవు రాలేదు.

1789లో విప్లవము ఆరంభమైనప్పుడు నీమ్ ప్రాంతము రబోను ప్రతినిధిగా పంపెను. ఆగస్టు 23న ఆయన జాతీయసభలో నిలిచి, మమ్మును సహించుడని మేము వేడుకొనుట లేదు, సహించుటకు మేము నేరస్థులము కాము, మాకు కావలసినది స్వేచ్ఛయే అను భావముతో మాటలాడెను. తన వారి కొరకు మాత్రమే కాదు, యూదుల కొరకును అడిగెను. ఆయన కోరినదంతయు ఆనాడు దొరకలేదు. ఆ డిసెంబరులో ప్రొటెస్టంటులకు పదవుల ద్వారము తెరవబడెను. యూదులలో అధికులు 1791 వరకు కనిపెట్టవలసి వచ్చెను. 1790 మార్చిలో, దాగి దాగి బోధించిన ఆ తండ్రి కుమారుడే సభకు అధ్యక్షుడాయెను!

అయితే గాలి మారెను. రాజును విచారించునప్పుడు, శాసనములు చేయు సభయే తీర్పరి కాకూడదని రబో వాదించెను. 1793 జూన్ 2న ఆయన పక్షమువారు పడద్రోయబడిరి. ఆయన దాగియుండి పట్టుబడెను. డిసెంబరు 5న పారిస్‌లో ఆయన శిరస్సు ఖండింపబడెను. వృద్ధుడైన తండ్రియు చెరసాల పాలై, విడుదలైన పిమ్మట 1794లో ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, అధికారము ఆయనను ఎత్తెను, అధికారమే పడవేసెను. ఆయన అడిగిన న్యాయము మాత్రము నిలిచెను. పరభాషల మధ్య కాపురమున్న మనము ప్రార్థనాలయము కొరకు, సమాధుల స్థలము కొరకు అర్జీలు పెట్టుచున్నాము. మంచిదే. పొరుగున మరియొక చిన్న గుంపు అదే గుమ్మమునొద్ద నిలిచినప్పుడు మనము మాటలాడితిమా? మన పని ముగిసినదని ఇంటికి వెళ్లితిమా? మౌనముగా నున్న దినములను ప్రభువు సన్నిధిని ఒప్పుకొందము. మన నోటిని ఆయనే తెరచును గాక. ఆమేన్.