‘బహుశా’ అన్న మాట

మా నాన్నమ్మ సంవత్సరీకానికి ఆవిడ గురించి రెండు పేజీలు రాసిపెట్టమని పెదనాన్న అడిగారు. మా ఇంట్లో తెలుగు టైపు చేయగలిగేది నేనొక్కణ్ణే. తెలిసినవన్నీ రాస్తే ఒక పేజీ కూడా నిండలేదు. అందుకని, పెళ్లయిన కొత్తలో ఆవిడ రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కిరసనాయిలు దీపం ముందు కూర్చుని పత్రికలు చదువుకునేదని రాశాను. ఆవిడకి చదవడం వచ్చు. అంతవరకే నిజం. దీపమూ, వంటిల్లూ, రాత్రీ నావి. అరవై కాపీలు ప్రింటు తీయించి బంధువులందరికీ పంచారు. మొన్న మా పెదనాన్న గారి అమ్మాయి, అంటే అక్క, తన కూతురితో అంటోంది: “మీ తాతమ్మ దీపం వెలుగులో చదువుకునేదే, నువ్వేమో ఆ ఫోన్ వదలవు.”

అప్పట్నుంచీ నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది. ఈ మధ్య చదివిన మూడు పుస్తకాలు ఆ ఇబ్బందిని ఇంకాస్త పెంచాయి. ఒకటి చరిత్ర, ఒకటి చిత్రకళ, ఒకటి కల్పన. మూడింటిలోనూ ఒకటే చిక్కు: పోయినవాళ్ల గురించి తెలియని చోట ఏం చేయాలి?

మొదటిది టియా మైల్స్ రాసిన ‘ఆల్ దట్ షీ క్యారీడ్’ (2021). కథంతా ఒక ముతక నూలు సంచీ చుట్టూ తిరుగుతుంది. 1850ల ప్రాంతంలో, అమెరికాలోని దక్షిణ కెరొలైనాలో, రోజ్ అనే బానిస స్త్రీ తొమ్మిదేళ్ల కూతురు ఆష్లీని అమ్మేస్తున్నప్పుడు ఆ పిల్లకిచ్చిన సంచీ అది. అందులో ఒక చిరిగిన గౌను, మూడు గుప్పెళ్ల పెకాన్ కాయలు, తల్లి జడ. వాళ్లిద్దరూ మళ్లీ కలవలేదు. 1921లో ఆష్లీ మనవరాలు రూత్ మిడిల్టన్ ఆ సంచీ మీదే దారంతో నాలుగు మాటలు కుట్టిపెట్టింది కాబట్టి మనకీ సంగతి తెలిసింది. మైల్స్ యజమానుల ఆస్తి జాబితాలన్నీ గాలించారు. రోజ్ అన్న పేరు వాటిలో బోలెడు చోట్ల ఉంది, ఆష్లీ అరుదు. రెండు పేర్లూ కనబడింది చార్ల్‌స్టన్‌కి చెందిన రాబర్ట్ మార్టిన్ అనే అతని లెక్కల్లో. అక్కడ రోజ్ అంటే ఒక పేరు, పక్కన ఒక ధర.

మా వృత్తిలో సున్నా వేరు, ‘తెలియదు’ వేరు. డేటాబేస్‌లో తెలియని చోట నల్ అని వదిలేయాలి. ఎవరో ఒకరు రిపోర్టు అందంగా కనబడాలని అక్కడ డిఫాల్ట్ విలువొకటి పెడతారు. ఆర్నెల్లయ్యాక ఏది అసలుదో ఏది పెట్టినదో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకని ఖాళీని ఖాళీగా ఉంచడమే నిజాయితీ అని చాలాకాలం నమ్మాను. కానీ రోజ్ విషయంలో ఆ ఖాళీని మిగిల్చిందెవరు? ఆమె కూతుర్ని అమ్మినవాళ్లే. ఖాళీని ముట్టుకోకపోతే వాళ్ల లెక్కల పుస్తకంలో ఉన్నదే ఆఖరి మాటవుతుంది. మైల్స్ అందుకు ఒప్పుకోలేదు. పెకాన్ల గురించి, జుట్టు గురించి, ఆ కాలపు బానిసల బట్టల గురించి తెలిసిందంతా తెచ్చి రోజ్ చుట్టూ పేరుస్తారు. ఆమె మనసులోకి వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం ‘బహుశా’ అంటారు. మొదటి వంద పేజీల్లో ఆ ‘బహుశా’లు విసుగు తెప్పించాయి. తర్వాత్తర్వాత అది రోజ్‌కి చేస్తున్న మర్యాదలా అనిపించసాగింది.

లోరా కమింగ్ ‘థండర్‌క్లాప్’ (2023) గురించి ఎక్కువ చెప్పను, చదువుకోండి. 1654 అక్టోబర్ 12న డెల్ఫ్ట్ నగరంలో తుపాకిమందు గిడ్డంగి పేలి, ముప్ఫై రెండేళ్లకే పోయిన చిత్రకారుడు కరేల్ ఫాబ్రిటియుస్ కథ. మిగిలినవి డజను బొమ్మలకు అటూ ఇటూ. కమింగ్ ఆ కొద్ది బొమ్మల్నే మళ్లీ మళ్లీ చూస్తారు. మధ్యమధ్య చిత్రకారుడైన తన తండ్రిని తలుచుకుంటారు. తెలియని మనిషిని తెలిసిన మనిషి పక్కన కూర్చోబెట్టడం కూడా ఒక దారే.

మూడోదానితోనే నాకు పేచీ. బెంహమీన్ లబతూత్ పుస్తకం ‘వెన్ వీ సీజ్ టు అండర్‌స్టాండ్ ద వరల్డ్’. మూడింటిలో నేను ఒక్క బిగిన చదివింది కూడా ఇదే. హేబర్, ష్వార్జ్‌చైల్డ్, గ్రోతెన్‌డీక్, హైసెన్‌బర్గ్, అందరూ నిజమైన శాస్త్రజ్ఞులు. మొదటి అధ్యాయంలో ఒక్క పేరా మాత్రమే కల్పితమనీ, పోనుపోను కల్పన పెరుగుతుందనీ రచయిత చివర్లో చెబుతాడు. ఆ ఒక్క పేరా ఏదో పట్టుకుందామని ఒక ఆదివారమంతా వికీపీడియా ముందు పాడుచేసుకున్నాను. నవలాకారుడికి ఆ స్వేచ్ఛ ఉంది, కాదనను. హేబర్ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక కల్పన వల్ల ఆయన చెరిగిపోడు. కానీ ఇందులో మొచిజుకి అనే జపాన్ గణితజ్ఞుడూ ఉన్నాడు. ఆయన బతికే ఉన్నాడు. ఆయన గురించి రాసిందాంట్లో చాలామటుకు కల్పనేనని కూడా ఆ చివరి పేజీలోనే ఉంది. ఆ పేజీ దాకా రానివాళ్ల సంగతి?

నాన్నమ్మ గురించి రాసినప్పుడు నేను ఆ చివరి పేజీ కూడా పెట్టలేదు. పైగా ఆవిడకి హేబర్‌కున్నట్టు ఇంకో జీవితచరిత్ర లేదు. ఉన్నది నా రెండు పేజీలే.

ఆరోజే అక్క కూతురు నా దగ్గరికొచ్చి అడిగింది, “తాతమ్మ ఏ పత్రిక చదివేది మావయ్యా?” చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో నోటికి “ఏమో, ఆంధ్రప్రభ అయ్యుంటుంది” అని వచ్చింది.

అది వంటింట్లోకి పరిగెత్తింది. “ఆంధ్రప్రభటమ్మా!”