వేల్పును పాత్ర చెయ్యొచ్చా?

తెలుగులో "కథలు చెప్పకు" అంటే అబద్ధాలాడకు అని అర్థం. ఈ సంగతి నాకు బడికి పోయాకే తెలిసింది. మా కోయగూడెంలో కథ అంటే డోలి వచ్చి, పడిగె విప్పి చెప్పేది. ఏ గట్టు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ వేల్పు ఎవరిది, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇవన్నీ అందులో ఉంటాయి. పులుల మధ్య పసిబిడ్డ ఆడుకుంటుంటే ఎత్తుకొచ్చి సమ్మక్క అని పేరు పెట్టారంటే, పులి ఎందుకు తినలేదని ఎవరూ అడగరు. అది తెలియక కాదు. ఆ కథ విన్నాక మన మీద కొన్ని పనులు పడతాయి. ఎవరింట్లో పిల్లను చేసుకోవాలి, ఎవరి కొలుపుకి బియ్యం తీసుకుపోవాలి, ఎవరి చావుకి ముందు నిలబడాలి అన్నవి దాన్ని బట్టే తేలతాయి. ఆ పనులు చేస్తున్నంత కాలం కథ నిజమే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఉస్మానియాలో ఎం.ఏ. చదివే ఒక గోండు తమ్ముడు తార్నాకలో నేనుండే గదికి మూడు లాంగ్ నోట్‌బుక్కులు పట్టుకొచ్చాడు. ఫాంటసీ నవల రాశాడు. హాస్టల్లో నలుగురు స్నేహితులు ఒక్క రాత్రిలో చదివేశారట. కొండ గుహలో ఒక దేవుడి శక్తి దాగి ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన హీరో దాన్ని దొంగిలిస్తాడు, మంత్రగాడవుతాడు, చివరి యుద్ధంలో ఆ శక్తి ఉన్న వస్తువును ముక్కలు చేసి లోకాన్ని కాపాడతాడు. ఆ దేవుడికి పెట్టిన పేరు పెర్సాపేన్. వాళ్ల వంశం దేవుడి పేరే.

"నమ్మేలా ఉందా అన్నా?" అని అడిగాడు.

చేయి తిరిగినవాడే. అడవిలో వాన వచ్చే ముందు వాసన, ఇప్పపూలు ఏరే చేతులు, గుహ లోపలి చలి, అన్నీ కళ్లకు కట్టాయి. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నమ్మేలా అంటే ఎవరు నమ్మేలా? హాస్టల్లో స్నేహితులు నమ్మారు. వాళ్లకు అది రెండు రోజుల సంతోషం. పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా దగ్గరికి గోదావరి నీళ్లు మోసుకుని కాలినడకన పోయే మెస్రం ఇంటి ముసలామె ఈ పుస్తకం వింటే ఏమంటుంది? ఆమెకు పేన్ శక్తి ఉన్న వస్తువు కాదు, ఇంటి పెద్ద. పెద్దను ముక్కలు చేస్తే లోకం బాగుపడుతుందని ఆమెతో ఎలా చెప్తాం?

నేను ఇదే అడిగితే అతను వాదించాడు. వాదన బాగానే ఉంది కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. "యమగోలలో, యమలీలలో యముడితో కామెడీ చేస్తే జనం నవ్వుకున్నారు కదన్నా. వాళ్ల దేవుడు పాత్ర కావచ్చు, మన దేవుడు కాకూడదా? మనం ఎప్పటికీ భయపడుతూ రాయకుండానే ఉండాలా?"

యముడి సంగతి వేరు. యమలీల చూసిన పిల్లాడికి అసలు యముడెవరో ముందే తెలుసు. ఇంట్లో సావిత్రి కథ చెప్తారు, గుడిలో పురాణం చెప్తారు, టీవీలో సీరియల్ వస్తుంది. ఒక సినిమా ఆయన్ని ఆట పట్టిస్తే సరిదిద్దడానికి పది చోట్ల అసలు కథ ఉంది. పెర్సాపేన్ గురించి విజయవాడలోనో నల్గొండలోనో ఉన్న పాఠకుడు చదివే మొదటి పుస్తకం ఇతని నవలే కావచ్చు, చివరిది కూడా అదే కావచ్చు. అతనికి పేన్ అంటే ఇక గుహలో దాచిన ఆయుధమే. ఒకే ఆటను బలం ఉన్నవాడితో ఆడటానికి, ఇంకా నిలదొక్కుకోనివాడితో ఆడటానికి తేడా ఉంది.

మనల్ని పాత్రలు చేసి ఆడుకున్నవాళ్లు తక్కువేం లేరు. పాత చందమామ సీరియళ్లలో ఆటవికులు ఉండేవాళ్లు. నేనూ ఊపిరి బిగబట్టి చదివాను, అబద్ధం ఎందుకు. అయితే ఆ అడవి మనుషులు నా వాళ్లని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. సినిమా వాళ్లకు ఈకలంటే మరీ ఇష్టం. నెమలి ఈకల టోపీ గుస్సాడీలు దండారి రోజుల్లో నియమంగా పెట్టుకునేది. పత్తి ఏరడానికి పోతూ ఎవరూ పెట్టుకోరు.

2015లో వచ్చిన బాహుబలిని చూడండి. అందులో కాలకేయులున్నారు. నల్లరంగు పూసుకున్న గుంపు, క్రూరులు. వాళ్ల కోసం మదన్ కార్కీ కిలికి అని ఒక భాషనే తయారు చేశాడు. దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు అని అప్పట్లో పత్రికలు రాశాయి. తర్వాత దానికి లిపి కూడా కుదిరింది. 2020 ఫిబ్రవరి 21న, సరిగ్గా మాతృభాషా దినం నాడు, నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం దాన్ని విడుదల చేశారు. లేని తెగకు భాష, లిపి వచ్చాయి. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో పాత రాతప్రతుల్లో దొరికిన గోండి లిపి కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లోకి 2018లో గానీ ఎక్కలేదు. లక్షల మంది మాట్లాడే గోండికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఇంకా చోటు లేదు. కార్కీ మీద నాకు కోపం లేదు. ఒక జాతి నమ్మేలా ఉండాలంటే దానికి సొంత భాష ఉండాలని అతను గుర్తించాడు, అది నేర్చుకోవలసిందే. అయితే ఆ సినిమాలో కాలకేయుల తల్లి ఏది? వాళ్ల పిల్లలేరి? వాళ్లు ఏం పండించి తింటారు? భాషకు 40 సూత్రాలు రాసినవాళ్లు బతుక్కి ఒక్క సూత్రం కూడా రాయలేదు. అందుకే ఆ గుంపును నరికేస్తుంటే హాల్లో ఎవరికీ ఏమీ అనిపించలేదు.

2022 నాటి ఆర్ఆర్ఆర్ విషయం ఇంకా చిక్కు. కొమురం భీం, అల్లూరి సీతారామరాజు ఎన్నడూ కలవలేదు. అల్లూరి 1924లో, భీం 1940లో జోడేఘాట్ దగ్గర చనిపోయారు. ఇద్దరూ కలిసినట్టు ఊహించానని, ఇది కల్పితమేనని దర్శకుడు ముందే చెప్పాడు. 2020లో టీజర్లో భీం తలమీద టోపీ చూసి ఆదిలాబాద్‌లో ఆందోళన అయింది. నాకు ఆ టోపీ పెద్ద విషయంగా అనిపించలేదు, మారువేషం కథల్లో మామూలే. నన్ను గుచ్చింది చివరి సన్నివేశం. ఏం కావాలో అడగమంటే భీం చదువు ఇవ్వమంటాడు. రాముడు జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాసిస్తాడు. భీం బయట తిరిగిన రోజుల్లోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడని మన దగ్గర చెప్పుకుంటారు. ఆ నినాదం అతనిదే. అల్లం రాజయ్య, సాహు 1983లో రాసిన కొమురం భీం నవలను చదివినవాళ్లకు ఆ సన్నివేశంలో ఏం చేయి మారిందో చెప్పనక్కర్లేదు. ఎంత ఊహించినా ఊహించండి, భీం పులితో పోరాడినా ఒప్పుకుంటాను. ఒక మనిషి కోరికను తీసి ఇంకొకరి చేతిలో పెడితే మాత్రం ఆ మనిషి ఉండడు, పేరే మిగులుతుంది.

ఇవన్నీ బయటివాళ్లు చేసినవి, మనవాడు మన కథ రాసుకుంటే గొడవేముంది అనొచ్చు. అదీ అంత తేలిక కాదు. అమెరికాలో రెబెకా రోన్‌హార్స్ అనే రచయిత్రి 2018లో ట్రెయిల్ ఆఫ్ లైట్నింగ్ అనే ఫాంటసీ నవల రాసింది. నవాహోల నేల మీద జరిగే కథ. వాళ్ల పవిత్ర వీరులు, దేవతలు పాత్రలై తిరుగుతారు. ఆమె భర్త నవాహో. ఆమె మాత్రం తనది మరో ఆదివాసీ మూలం అని చెప్పుకుంది. పుస్తకానికి మంచి పేరొచ్చింది, నవాహో పాఠకుల్లోనూ ఇష్టపడినవాళ్లున్నారు. అదే ఏడాది నవాహో రచయితలు కొందరు కలిసి బహిరంగ లేఖ రాశారు. మా పవిత్ర కథలను ఇలా వాడటానికి మీకు హక్కు లేదన్నది దాని సారం. ఆ తగవులో ఇద్దరి మాటలోనూ నాకు బరువు కనిపించింది. కోడలిగా వచ్చినామె ఇంటి మనిషే. అయితే ఇంటి మనిషికి కూడా దేవుడి గది తాళంచెవి మొదటి రోజే ఇవ్వరు. కేస్లాపూర్‌లో మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లకు భేటింగ్ జరిగాకే కదా నాగోబా ముందు చోటు.

మన తమ్ముడికి ఇంకో వాదన కూడా ఉంది. "ఇందులో రహస్యమేముందన్నా, అచ్చయిన పుస్తకంలోదే కదా." నిజమే. అతను ఆ కథ ఇంట్లో పూర్తిగా వినలేదు. చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలకు వచ్చేశాడు. ఇక్కడికొచ్చాక హైమండార్ఫ్ ఇంగ్లీషు పుస్తకంలో చదివాడు. భీం మరణం తర్వాతి ఏళ్లలో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి, మార్లవాయిలో బడి పంతుళ్లకు శిక్షణ మొదలుపెట్టించి, తర్వాత ఇదే ఉస్మానియాలో ఆంత్రోపాలజీ చెప్పిన మనిషి ఆయన. గోండుల కథలు, పూజలతో ఆయన పుస్తకం 1948లో వచ్చింది. గుహలో బంధించిన దేవుళ్లను పహండి కుపార్ లింగాల్ విడిపించిన కథ అందులో ఉంది. తన తాత ముందు కిక్రి వాయించి పర్ధాన్ పాడిన కథను మనవడు తార్నాకలో కూర్చుని ఇంగ్లీషులో చదువుకోవలసి వచ్చింది. దీనికి అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? నాకైతే లేదు. నా గట్టు కథ నేనూ సగమే విన్నాను.

అచ్చయింది కాబట్టి అందరిదీ అయిపోయిందనేది చట్టం మాట. కర్త ఎవరో తెలియని పాత కథకు కాపీరైట్ లేదు, ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకుని రాసినవాడి నవలకు మాత్రం అతని జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కుంటుంది. మన పద్ధతి అది కాదు. పర్ధాన్ పాడితే ఆ ఇంటివాళ్లు గింజలో, పశువో ఇచ్చుకోవాలి. పాడటం అతని హక్కు, బాధ్యత కూడా. మా డోలీలదీ అంతే. సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరూ కళాకారుడన్నారు. మాకు ఆయన అంతకుమించి, ఎవరి లెక్క ఎక్కడ ఉందో తెలిసిన మనిషి. చెప్పినవాడికి, విన్నవాడికి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉన్న కథను తెచ్చి పుస్తకంలో పెడితే ఆ బాకీ ఎవరు తీర్చాలి? రాసినవాడే తీర్చాలి. నా ఉద్దేశంలో మొదటి బాకీ అడగడం. కటోడను, పర్ధాన్‌ను కూర్చోబెట్టి, నేను ఇలా రాస్తున్నాను, ఇందులో ఎక్కడైనా చెప్పదగ్గది ఏది, పేన్ ముందు మాత్రమే చెప్పేది ఏది అని అడగాలి. వద్దంటే వద్దు. కోయవాణ్ని, నేను "రాసుకో తమ్ముడూ" అని అనుమతి ఇవ్వడం కూడా తప్పే. ఆదివాసీలం అందరం ఒకటే అని సభల్లో అంటాం, మంచిదే. అయినా ఎవరి వేల్పు వాళ్లదే.

మరి మన పిల్లలు ఫాంటసీ రాయొద్దా? తప్పకుండా రాయాలి. మన చరిత్ర, మన బాధ మాత్రమే రాయాలని ఎవరో గీత గీసినట్టు ఉంది. ఏ కథ పట్టుకున్నా మనవాడు దోపిడీకి గురై ఏడుస్తుంటాడు, లేదా అడవంత మంచివాడై ఉంటాడు. కాలకేయుడికి ఇది తిరగేసిన బొమ్మ. మా ఊళ్లో పిసినారులున్నారు, అన్నదమ్ముల భూమి తగాదాలున్నాయి, సారా తాగి సొంత పెళ్లికి ఆలస్యంగా వచ్చినవాడున్నాడు. మాంత్రికులున్న లోకంలో వాళ్లకూ చోటివ్వండి.

ఉర్సులా లగ్విన్ అనే అమెరికన్ రచయిత్రి ఎర్త్‌సీ అనే దీవుల లోకాన్ని సృష్టించింది. ఆమె హీరో గెడ్ ఎర్రగోధుమ రంగు మనిషి. 2004లో టీవీ వాళ్లు అతన్ని తెల్లవాణ్ని చేస్తే ఆమె గట్టిగా తప్పుపట్టింది. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ ఆంత్రోపాలజిస్టు. యాహీ తెగలో చివరికి మిగిలిన ఒక్క మనిషి 1911లో అడవి నుంచి బయటికొస్తే అతన్ని విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంచారు. అతను తన పేరు చెప్పలేదు, చెప్పడం వాళ్ల ఆచారం కాదు. క్రోబర్ అతన్ని ఇషీ అన్నాడు. ఆ మాటకు వాళ్ల భాషలో మనిషి అనే అర్థం. 1916లో చనిపోయేదాకా అసలు పేరు ఎవరికీ తెలియలేదు. ఎర్త్‌సీలో ఇషీ లేడు, యాహీ దేవుళ్లు లేరు. అసలు పేరు చెప్పడమంటే ప్రాణాన్ని ఎదుటివాడి చేతిలో పెట్టడమే అనే కట్టుబాటు మాత్రం ఉంది, దాని మీదే కథ నడుస్తుంది.

ఈ సంగతి చెప్పి, "పేన్ పేరు తీసేసి చూడు, కట్టు ఉంచి చూడు" అన్నాను. దేవుడి పేరు అరువు తెచ్చుకోవడం సులువు. ఆ దేవుడి వల్ల మనుషుల మధ్య ఏర్పడిన నియమాన్ని కథలో పెట్టడం కష్టం, అసలు లోకం అందులోనే ఉంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాలుగా మనుషులు విడిపోయి, ఒకే సగాలో పెళ్లి కుదరని లోకంలో ఏ ఇద్దరు కలిసినా ముందు అడిగేది అదే. అక్కడ ప్రతి పరిచయంలో కథ ఉంది.

అతను కొంచెం చిన్నబుచ్చుకునే వెళ్లాడు. జాతరకు ఊరెళ్లినప్పుడు పెద్దలను అడిగాడట. ఏమన్నారో నాకు మొత్తం చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. తిరిగొచ్చాక మొదటి రెండు నోట్‌బుక్కులు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. కొత్త లోకానికి దేవుళ్ల పేర్లన్నీ అతను కల్పించినవే. మనుషులను మాత్రం లెక్కల ప్రకారం వంశాలుగా విడదీశాడు.

మొన్న సాయంత్రం తార్నాక మెట్రో కింద టీ తాగుతుంటే ఎదురొచ్చాడు. ముఖంలో నిద్ర లేదు. "అన్నా, చిక్కొచ్చి పడింది. నూట అరవై పేజీలు రాశాక చూసుకుంటే హీరో, హీరోయిన్ ఒకే లెక్క వాళ్లయ్యారు. ఇద్దరికీ పెళ్లి చేయలేను. హాస్టల్లో వాళ్లేమో ఆ రూలు ఎత్తేయమంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఎత్తేస్తే హీరోయిన్ తండ్రికి ఊళ్లో మాట ఉండదన్నా. ఆయన మంచోడు."

నేను ఇంకో రెండు టీలు చెప్పాను.