గుర్రపు దాణా

“గుర్రము గుడ్డిదైనను దాణాకు తక్కువలేదు” అని పనికిమాలినవానినిగూర్చి మనవా రెకసక్కెముగా ననుచుందురు. ఈ సామెతలో నొక సిద్ధాంతము దాగియున్నది: మేత పనికి గూలి, పని తగ్గినచో మేతయు దగ్గవలెను. ఇది ధర్మసమ్మతమేనా యని విచారింతము.

కూలివాడు తన కూలి చాలదని చెప్పగలడు. వేఱొక యజమానిని వెదకికొనగలడు. గుర్రమట్లు చేయజాలదు. బీటిలో విడిచిన నది తన తిండి తానే చూచుకొనును. దాని నోటికి గళ్లెమును, కాలికి బందమును వేసినది మనము. కావున దాని యాకలికి బాధ్యులమును మనమే. మేత కూలి గాదు, ఋణము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున గుఱ్ఱముల ధాన్యమునకు, ఉప్పునకు, పచ్చికకు బాళ్లు నిర్ణయించి, యుద్ధముచేతను, వ్యాధిచేతను, ముదిమిచేతను జిక్కిన గుర్రములకును గూడు పెట్టవలెననెను. మన సామెతకు బ్రత్యుత్తర మందే యున్నది.

అయితే ఈ ఋణము తీర్చుటకు దయ యొక్కటియే చాలదు, తెలివియు గావలెను. గుర్రము ఆవువలె నెమరువేయదు. దేహమును బట్టి చూడగా దాని జీర్ణకోశము చిన్నది. స్వేచ్ఛగా దిరుగునపు డది దినమునకు 16 గంటలవఱకు గొంచెము గొంచెముగా మేయుచుండును. 300 కిలోల గుర్రమునకు దినమునకు రమారమి 6 కిలోల యెండుమేత కావలెను. దినమెల్ల పస్తుంచి సాయంకాలము తొట్టినిండ ధాన్యము పోసినచో, అది యరుగక పెద్దప్రేగునకు జేరి పులిసి, శూలను, గిట్టల వాపును గలిగించును. గుర్రము వాంతి చేసికొనజాలదు. మన తప్పును అది వెలికి గ్రక్కలేదు.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిపొలములతో నిండెను, బియ్యపు మిల్లులు పెరిగెను, తవుడునకు గొదువలేదు. తవుడు బలమని తలచి దానినే ప్రధానాహారముగా బెట్టుట ప్రమాదకరము. అందు భాస్వరము సున్నముకంటె పదింతలకు మించియుండును. ఆ కొఱత దీర్చుకొనుటకు శరీరము తన యెముకలలోని సున్నమునే తోడుకొనును. ఎముకలు గుల్లబారి మొగము వాచును. ఐరోపాలో పిండిమరలవారి గుర్రములకు ఈ వ్యాధి వచ్చుచుండుటచే దానికి వారి పేరే కలిగెను. వారు తమ గుర్రములను ద్వేషించినవారు కారు. సులభముగా దొరకినది పెట్టినవారు. ప్రేమతో జేసిన యపకారము అపకారము గాకపోవునా?

యజమాని బిడ్డలే పస్తుండగా గుర్రమునకు దాణా యెట్లని కొందఱందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని దీని కుత్తరము చెప్పవలసినవాడు యజమాని యొక్కడే కాడు. సూర్యాపేటలోనో కోదాడలోనో పెండ్లి యూరేగింపునకు గుర్రమును బాడుగకు దెచ్చి, బాడుగలో బది రూపాయలు తగ్గించుటకు గంటసేపు వాదించు గృహస్థుడు ఆ పది రూపాయలు దేనినుండి తగ్గునో యాలోచించునా? జంతుహింసా నివారణమునకై 1960లో వచ్చిన చట్టము చాలినంత మేతయు నీరును బెట్టని యజమానికి మొదటి తప్పునకు విధించు జరిమానా 50 రూపాయలకు మించదు. బాడుగకు దెచ్చినవాని బేరమును అది ప్రశ్నింపదు. చట్టము విడిచినచోట మనస్సాక్షి పని మొదలగును.

కావున చదువరులకు మా మనవి యొక్కటియే. గుర్రము వాకిట నిలిచినపుడు పూలదండకు ముందు నీళ్లతొట్టియు, గడ్డిమోపును దెప్పింపుడు. అది మేసినదా యని యడుగుడు. దానికి మాట రాదు, అడుగవలసినవారము మనమే.