గుర్రం మీద కాదు, మనిషి మీద పందెం

మా బరంపురంలో కుమార పూర్ణిమ రాత్రి ఆట ఆడితే తప్పు పట్టేవారుండరు. ఆశ్వయుజ పున్నమి వెన్నెల్లో అరుగుల మీద పాచికలు, పేకముక్కలు వచ్చి కూర్చుంటాయి. ఏడాది పొడుగునా జూదమంటే మండిపడే పెద్దలు కూడా ఆ ఒక్క రాత్రీ లక్ష్మీదేవి పేరు చెప్పుకుని నాలుగు రూపాయలు ఒడ్డుతారు. మొన్నటి పూర్ణిమకి మా అరుగు మీదా అదే జరుగుతోంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చిన పక్కింటి కుర్రాడు మాత్రం ముక్కలు పట్టుకోనన్నాడు.

"ఇది గుడ్డి అదృష్టం మేష్టారూ. నేను బుర్ర పెట్టే పందెమే కాస్తాను" అన్నాడు.

ఏమిటయ్యా అది అంటే చెప్పాడు. మలక్‌పేట గుర్రప్పందాల్లో రాబోయే శీతాకాలం సీజను ముగిసేసరికి ఏ ట్రైనరు అందరికన్నా ఎక్కువ గెలుపులు సంపాదించి ఛాంపియన్ అవుతాడన్న దాని మీద నలుగురు స్నేహితులు తలా పదివేలు వేసుకున్నారట. "ఒక్క పరుగులో ఏమైనా కావచ్చు. గుర్రం తడబడొచ్చు, జాకీ పొరబడొచ్చు. నెలల తరబడి లెక్క వేస్తే మాత్రం పనివాడే పైకి తేలతాడు. మేం కాసేది గుర్రం మీద కాదు, మనిషి పనితనం మీద. ఇది జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పింది."

ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది.

ట్రైనరు పని సామాన్యమైనది కాదు. తెల్లవారకముందే గుర్రాలు మైదానం మీద ఉండాలి. దాణా, లాడాలు, నిద్ర అన్నీ చూసుకోవాలి. ఏ కాలు కాస్త వెచ్చగా ఉందో చేత్తో తడిమి పోల్చుకోవాలి. ఏ గుర్రానికి ఎంత దూరం నప్పుతుందో, ఏ రౌతు చేతిలో అది మాట వింటుందో తెలియాలి. గెలిచిన గుర్రానికి తర్వాతి హాండికాప్ పందెంలో బరువు పెంచుతారు కనుక, ఎప్పుడు ఎక్కడ పరిగెత్తించాలో కూడా ముందుచూపు కావాలి. బెంగళూరు రషీద్ బైరాంజీ వంటి వారికి వచ్చిన పేరు ఉత్త అదృష్టం వల్ల వచ్చింది కాదు. అయితే ఇంకో సంగతీ ఉంది. ఎక్కువ గుర్రాలున్న లాయానికి ఎక్కువ గెలుపులు వస్తాయి. డబ్బున్న యజమానులు పేరున్న వాడి దగ్గరికే గుర్రాల్ని పంపుతారు. కనుక ఛాంపియన్ ఎవరన్న లెక్కలో పనితనమెంతో, పెద్ద లాయమెంతో విడదీసి చెప్పడం కష్టం.

ఇక కోర్టు మాట. 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో, ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన పోటీ జూదం కాదని సుప్రీంకోర్టు అన్నది. 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యమేనన్నది. 1996లో లక్ష్మణన్ కేసులో గుర్రప్పందాలకూ అదే వర్తింపజేసింది. ఆ కేసు పుట్టింది మద్రాసు గిండీ మైదానం వల్ల. 1936 దాకా మన గంజాం కూడా మద్రాసు రాష్ట్రంలోదే కనుక ఒకప్పుడు మన జిల్లావారికీ అదే రాజధాని రేసుకోర్సు.

అయితే న్యాయస్థానం ముందున్న ప్రశ్న ఒకటి, మన ముందున్నది వేరొకటి. ఈ పని చేసినవాణ్ణి పోలీసు పట్టుకోవచ్చునా అన్నది వారి ప్రశ్న. ఈ పని చేసినవాడు ఏమవుతాడన్నది మనది. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టి డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. చట్టం తన ప్రశ్నను తానే మార్చుకోగలదు. మనం చట్టం చాటున దాక్కుంటే అది జరిగినప్పుడల్లా మన మంచిచెడ్డలూ మారిపోవాలి.

గుర్రాన్నీ పాచికనీ ఒకే చోట పెట్టిన కథ మనకు భారతంలోనే ఉంది. పాచికలాటలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. విదర్భకు పరుగు మీద పోతున్న రథాన్ని దారిలో ఒక తాండ్రచెట్టు దగ్గర ఆపాడు. ఆ చెట్టుకున్న ఆకులూ కాయలూ ఎన్నో ఋతుపర్ణుడు చూస్తూనే లెక్క చెప్పాడు. పూర్వం ఆ కాయలనే పాచికలుగా ఆడేవారు. అక్కడ బేరం కుదిరింది. ఒకరు అక్షహృదయం ఇవ్వాలి, మరొకరు అశ్వహృదయం ఇవ్వాలి. పాచికల రహస్యం తెలిసిన క్షణాన కలి నలుణ్ణి వదిలిపోయాడు.

మా కుర్రాడు ఈ కథ తనవైపే ఉందంటాడు. విద్య వస్తే జూదం దోషం పోయింది కదా అని. కాని తర్వాత నలుడేం చేశాడు? పుష్కరుడితో ఒక్కసారి ఆడాడు, పోయినది తెచ్చుకున్నాడు, ఓడినవాణ్ణి క్షమించి అతని భాగం అతనికిచ్చి పంపాడు. ఆ విద్య నేర్పింది ఆడటం ఒక్కటే కాదు, ఆపటం కూడా. పైగా ఆ రథం తోలిన నేర్పు నలుడిదే, చెట్టును లెక్కించిన నేర్పు ఋతుపర్ణుడిదే. మా కుర్రాడు చెప్పే పనితనం మాత్రం ట్రైనరుది. అతను తెల్లవారుజామున లేచేది గుర్రం కోసం. మనం పేపరు తిరగేసేది మన పదివేల కోసం.

ఇంతవరకు వాదన. ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

1984లో నేను హైదరాబాదులో చదువుకుంటూ ఒక గదిలో మరో విద్యార్థితో ఉండేవాణ్ణి. అతనికి రేసుల పిచ్చి. నాకు లేదు. కాని ఒక సీజనులో సరిగ్గా ఇలాంటి పందెమే వేసుకున్నాం. అతనిది ఒక ట్రైనరు, నాది ఇంకొకరు. రెండువందల రూపాయలు. ఆ రోజుల్లో నా నెల భోజనం అంత. సీజను ఇంకా రెండు వారాలుందనగా నా వాడు రెండు గెలుపులు వెనకబడ్డాడు. ఓ పొద్దున పేపర్లో చూశాను. అతని ట్రైనరు దగ్గరున్న మంచి గుర్రం ఒకటి పొద్దుటి పరుగులో కాలు విరగ్గొట్టుకుంది. ఇక బాగుపడదని ప్రాణం తీసేశారు. ఆ నాలుగు వాక్యాలూ చదివాక నాకు మొదట కలిగింది సంతోషం.

జాలి తర్వాత వచ్చింది. సిగ్గు ఇంకా తర్వాత. కాని మొదట వచ్చింది సంతోషమే. ఆ గుర్రాన్ని నేను చూడలేదు. ఆ మనిషి నాకేం అపకారం చెయ్యలేదు. చివరికి నా వాడు ఒక్క గెలుపు తేడాతో ఛాంపియన్ అయ్యాడు. నా స్నేహితుడు రెండువందలూ లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ సంక్రాంతికి అతను ఊరు వెళ్లలేదు. డబ్బు నేను తీసుకున్నాను. అది కూడా చెప్పాలి.

ఈ సంగతి చెబితే కుర్రాడు కాసేపు ఊరుకుని, "క్రికెట్టులో ఎదుటివాడి వికెట్ పడితే మీరు చప్పట్లు కొట్టరా?" అన్నాడు. కొడతాను. కాని వికెట్ పడటం ఆటలో భాగం, కాలు విరగటం ఆటలో భాగం కాదు. జేబులో పందెం లేనివాడు ఆ రెంటికీ తేడా వెంటనే పోల్చుకుంటాడు. పందెం ఉన్నవాడికి రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి.

"రైతు వాన మీద పందెం కాయటం లేదా?" అనీ అడిగాడు. కాస్తున్నాడు. కాని వాన పడితే అతని చేలో గింజ పండుతుంది. ఆ గింజ కోసం పక్క చేను ఎండనక్కర్లేదు. మన ఊళ్లో పట్టు మగ్గాలున్నాయి. పెళ్లిళ్ల రోజుల్లో ఏ నేతగాడు ఎక్కువ చీరలు దించుతాడని మనం అరుగు మీద కూచుని పందేలు వేసుకున్నామనుకోండి. అతని పనితనాన్ని గౌరవించినట్టా? రెండో నేతగాడికి జ్వరం వస్తే మనలో ఒకడు పైకి చెప్పకుండా ఊపిరి పీల్చుకుంటాడు.

పున్నమినాటి నాలుగు రూపాయల ఆటను నేను పాపమనను. నేనూ ఆడాను. నేనడిగేది ఒక్కటే. ఈ శీతాకాలంలో ఏదో ఒక పొద్దున ఎదుటివాడి లాయంలో గుర్రం పడిందన్న వార్త వస్తే, మొదటి క్షణం తన మనసు ఏమన్నదో అతను గమనించుకోవాలి.

కుర్రాడు రైలెక్కుతూ, "చూస్తాను మేష్టారూ" అన్నాడు. పందెం వెనక్కి తీసుకున్నాడో లేదో నేనడగలేదు.