చిరగని పుస్తకాలు

కృష్ణ తూర్పు డెల్టాలో, బందరు కాలువ గట్టున ఒక ఊరు. ఊరికో అంగన్‌వాడీ, అంగన్‌వాడీకో బీరువా. ఆ బీరువాలో పాత రిజిస్టర్లు, పిల్లల్ని తూచే కాటా, ఖాళీ గుడ్ల అట్టలు ఉండేవి. ఆ ఊరినుంచి అమెరికా వెళ్లి స్థిరపడినాయన ఒకరు, చనిపోయిన తల్లి పేరు మీద పదివేలు పంపి, ఊళ్లో పిల్లతల్లులకు బొమ్మల పుస్తకాలు కొనిపెట్టమన్నారు. పుస్తకాల సంగతి తెలిసినాయన ఊళ్లో రిటైరైన హెడ్మాస్టరు ఒక్కరే కాబట్టి డబ్బు ఆయన చేతికొచ్చింది.

మాస్టారు మంచివారు. బస్సెక్కి బెజవాడ వెళ్లారు. ఏలూరు రోడ్డులో ఎండలో షాపు షాపూ తిరిగారు. బేరమాడి తగ్గింపు తీసుకుని, సగం డబ్బుతోనే రెండు అట్టపెట్టెల పుస్తకాలు మోసుకొచ్చారు. పెద్దబాలశిక్ష, శతకాలు, శిశుపోషణ, తల్లిపాల గొప్పతనం, క్రమశిక్షణతో పిల్లల పెంపకం. అన్నిటికీ ఖాకీ అట్టలు వేసి, నంబర్లు రాసి, స్టాంపు కొట్టారు. అంగన్‌వాడీలో పనిచేసే ఆయమ్మ ఒక్కో పుస్తకం తిరగేసి, "బొమ్మలేవండీ మాస్టారూ?" అంది.

"అట్ట మీద ఉందిగా" అన్నారాయన. ఖాకీ కాగితం కింద ఉంది మరి.

రూలు కూడా పెట్టారు. పుస్తకం పదిహేను రోజులు ఉంచుకోవచ్చు. చిరిగితే ఇరవై రూపాయలు జరిమానా.

ఆ ఊళ్లో ఇరవై నిండని తల్లులు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయికి పదిహేడు. పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలోనే మేనబావకిచ్చి చేసేశారు. ఫలితాలు వచ్చేనాటికి అత్తగారింట్లో ఉంది. ఎన్ని మార్కులొచ్చాయని అక్కడ ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఒళ్లో పదినెలల కూతురు. మొగుడికి కూడా ఇంకా మీసం సరిగ్గా రాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని, ఆదివారాలు ఇంటికొస్తాడు.

ఆ అమ్మాయి శిశుపోషణ తీసుకెళ్లింది. పదిహేనో రోజున తెచ్చి ఇచ్చింది. అట్ట నలగలేదు, మూల మడవలేదు. మాస్టారు మురిసిపోయి, "చూశావా, ఎంత పద్ధతైన పిల్లో!" అన్నారు ఆయమ్మతో.

"పదినెలల పిల్లున్న ఇంట్లో పదిహేను రోజులుందండీ ఆ పుస్తకం. ఒక్క చొంగ చుక్కన్నా లేదు. టీవీ మీద పెట్టుంటారు" అంది ఆయమ్మ.

మాస్టారికి ఆ మాట రుచించలేదు. ఆయమ్మకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు. పుస్తకాల గురించి ఆవిడ చెప్పడమేమిటని ఊరుకున్నారు.

సంక్రాంతి ముందు బెజవాడలో పుస్తకాల పండగ వచ్చింది. మిగిలిన డబ్బుతో అక్కడ కొందామని బయల్దేరిన మాస్టారి వెంట, సంచులు మోస్తానంటూ ఆయమ్మ, ఆవిడ వెంట చంకలో బిడ్డతో ఆ పదిహేడేళ్ల పిల్ల కూడా బస్సెక్కారు. మొదటి స్టాల్లోనే మాస్టారు పిల్లల మనస్తత్వం మీద లావుపాటి పుస్తకం తీసి, "ఇది చదువమ్మాయ్, నీకు పనికొస్తుంది" అని చేతిలో పెట్టారు. ఆ పిల్ల రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, జాగ్రత్తగా మళ్లీ బల్ల మీద పెట్టింది.

"కళ్లకద్దుకుందంటే ఇంక తెరవదు మాస్టారూ" అంది ఆయమ్మ మెల్లిగా.

నాలుగు స్టాళ్లవతల ఆ పిల్ల తనంతట తనే ఆగింది. పలచటి పుస్తకం. ఒక మేక తాడు తెంపుకుని, వీధిలో ఆరేసిన బట్టలన్నీ ఒక్కొక్కటే నములుకుంటూ పోతుంది. చివరి పేజీలో ఊరంతా దుప్పట్లు చుట్టుకుని నిలబడి ఉంటుంది. అంతే కథ. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. ఆ పిల్ల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అచ్చం మా అత్త జాకెట్టే పిన్నీ! మొన్న గేదె నమిలిందని చెప్పలా, ఇట్టాంటిదే" అంటూ పేజీ తిప్పింది. చంకలో బిడ్డ ముందుకు వంగి మేక మొహం మీద చేత్తో కొట్టింది.

"అది తీసుకోండి మాస్టారూ" అంది ఆయమ్మ.

"ఇందులో అక్షరం ముక్క లేదు. దీనికి అరవై రూపాయలా?"

"అక్షరాలు ఆ పిల్ల నోట్లో ఉన్నాయిగా, వినపళ్లేదా?"

నెత్తిన ఎండ, చుట్టూ జనం. వాదించే ఓపిక లేక మాస్టారు సరేనన్నారు. ఆ మధ్యాహ్నమంతా ఆయమ్మ ఒకే పద్ధతిలో ఎంచింది. పుస్తకం తెరిచి ఆ పిల్ల చేతికిస్తుంది, తను మాట్లాడకుండా పిల్ల మొహం చూస్తుంది. మొహంలో బడికి వెళ్తున్న దిగులు కనబడితే తిరిగి పెట్టేస్తుంది. నోరు తెరిచి బిడ్డకు ఏదన్నా చెప్పిందా, సంచిలో వేస్తుంది. పోతూ పోతూ లారీల బొమ్మలున్న పుస్తకం ఒకటి మాత్రం ఎవరినీ అడక్కుండా తనే తీసుకుంది.

తర్వాతి నెలలో బీరువా అవస్థ చూడాలి. మేక పుస్తకం చివరి పేజీ లేకుండా వచ్చింది. ఇంకోదానికి అన్నం మెతుకులతో అతికించిన చిరుగులు. పాలచుక్కలు, పళ్ల గాట్లు. మాస్టారు వరసగా జరిమానాలు రాశారు. తల్లులు రావడం మానేశారు. కూలికి పోతే వచ్చే డబ్బులోంచి మేక పుస్తకానికి ఇరవై ఎవరు కడతారు?

బాకీ వసూలు చేద్దామని ఒక ఆదివారం పొద్దున మాస్టారే ఆ పిల్ల ఇంటికి వెళ్లారు. గుమ్మంలోకి వచ్చేసరికి లోపల్నుంచి మాటలు. ఆ కుర్రాడు చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. గోళ్లలో ఇంకా గ్రీజు. పొట్ట మీద కూతురు, కూతురి ముందు లారీల పుస్తకం.

"ఇదేంటి? స్టెప్నీ. ఇది డీజిలు ట్యాంకు. ఇదుగో, ఇక్కడ ఈ బొమ్మేసినాయన తప్పేశాడే బంగారం, వెనకాల మడ్‌గార్డు లేకుండా లారీ రోడ్డెక్కుద్దా?" అని చెవి మీదున్న బాల్‌పెన్ను తీసి మడ్‌గార్డు గీశాడు. గీసి, దాని మీద కూతురి పేరు రాశాడు. పొయ్యి దగ్గర్నుంచి ఆ పిల్ల, "పొద్దుట్నుంచీ నువ్వే చెప్తున్నావు బావా, ఇటియ్యి. నువ్వు చెప్తే అన్నీ లారీలే. డ్రైవరు అన్నం తిన్నాడో లేదో నేను చెప్తా" అంటోంది. బిడ్డ పేజీ గుప్పిట్లో పట్టుకుని "పాం పాం" అని ఊగుతోంది. పేజీ సగానికి చిరిగింది.

స్టాంపు కొట్టిన పుస్తకం. పెన్నుతో గీత. పైగా చిరుగు. మాస్టారు జేబులోకి చెయ్యి పెట్టి రసీదు పుస్తకం తడిమారు. వాళ్లు ఆయన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డారు. ఆ అమ్మాయి అప్పటికే పుస్తకాన్ని వెనక్కి దాచేసింది.

"మంచినీళ్లిప్పించమ్మా" అన్నారు మాస్టారు. తాగి వెళ్లిపోయారు.

మర్నాడు రిజిస్టర్లో జరిమానా గడి కొట్టేసి, దాని స్థానంలో 'చిరుగులు' అని కొత్త గడి గీశారు. ఏడాది చివర ఏ పుస్తకానికి ఎక్కువ చిరుగులుంటే అది రెండు కాపీలు కొనాలని, అసలు చిరగని పుస్తకాన్ని హైస్కూలు లైబ్రరీకి ఇచ్చేయాలని కింద రాసి సంతకం పెట్టారు. శిశుపోషణ మొదటి బండిలోనే వెళ్లిపోయింది.

నీతి:

చిన్న వయసు తల్లిదండ్రుల కోసం కొనే బొమ్మల పుస్తకానికి ఇద్దరు పాఠకులు. కొనేవాళ్లు బిడ్డను చూస్తారు, బిడ్డను ఎత్తుకున్న పిల్లను చూడరు. పుస్తకం ముందు ఆ పిల్లకు నచ్చాలి. ఆమెకు నచ్చకపోతే బిడ్డ దాకా రాదు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులో గర్భిణులో అయ్యారు. దేశం సగటు 6.8. శారదా చట్టం 1929లో వచ్చింది, బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది, లెక్క మాత్రం ఇలా ఉంది. బొమ్మల పుస్తకం ఇస్తే ఆ పెళ్లిళ్లను సమర్థించినట్టా అని అడిగేవాళ్లుంటారు. పెళ్లి ఆపడం ఒక పని, ఆ పిల్లను మళ్లీ చదువులో చేర్చడం ఇంకో పని, రెండూ చెయ్యాల్సిందే. కానీ పుట్టిన బిడ్డకు పది నెలల వయసు ఒక్కసారే వస్తుంది.

డెల్టాకు పుస్తకాలు కొత్త కాదు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్యగారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం బెజవాడలోనే పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణంగారు పశ్చిమ డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. పెదవడ్లపూడి, కొల్లూరు దారిలో గట్టున కూచున్న రైతు దగ్గరకు లైబ్రరీయే కదిలి వెళ్లింది. అంత చేసిన చోట, ఒళ్లో బిడ్డను పెట్టుకున్న పదిహేడేళ్ల పిల్ల మాత్రం ఎవరి జాబితాలోనూ లేదు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. పుస్తకమంటే సరస్వతి. కాలు తగిలితే దణ్ణం పెట్టుకుంటాం. పదినెలల పిల్ల దేన్నయినా ముందు నోట్లో పెట్టుకుని చూస్తుంది, అదే దాని చదువు. ఈ రెండింటికీ పొసగదు. బిడ్డ చింపితే అత్తగారు తిడుతుందని, లైబ్రరీవాళ్లు డబ్బడుగుతారని భయపడే పిల్ల పుస్తకాన్ని అందనంత ఎత్తులో పెడుతుంది. ఆ భయం పోగొట్టకుండా ఎంత మంచి పుస్తకమిచ్చినా వృథాయే. గట్టి అట్టల పుస్తకాలైతే నమిలినా కొంతకాలం నిలుస్తాయి గానీ తెలుగులో అవి తక్కువ. పలచటి చవక పుస్తకాలు ఎక్కువ కొని, చిరిగితే చిరగనివ్వడమే నయం.

ఇక ఏవి ఎంచాలి? తల్లికి ఉపదేశం చేసే పుస్తకం వద్దు. ఆమెకు ఆ పని చేసేవాళ్లు ఇంటినిండా ఉన్నారు. పదినెలల బిడ్డకు అ ఆలు తొందర లేదు, అది పెద్దవాళ్ల తొందర. సోఫా, డైనింగ్ టేబులు, టై కట్టుకున్న నాన్న మాత్రమే కనిపించే పుస్తకాలు ఒక్కటో రెండో ఉంటే పరవాలేదు, అన్నీ అవే అయితే ఆ పిల్ల తన ఇల్లు పుస్తకానికి తగదనుకుంటుంది. నాన్న కనిపించే పుస్తకం ఒక్కటైనా ఉండాలి. ఆటోనగర్ కుర్రాడికి చెప్పడానికి బోలెడుంది, అతన్ని అడిగినవాళ్లు లేరు, అంతే. అక్షరాలు తక్కువున్నవి, అసలు లేనివి మొహమాటపడకుండా తీసుకోండి. చదవడం మరిచిపోయిన పిల్ల కూడా బొమ్మ చూసి తన యాసలో కథ చెప్పగలదు. తడబడి, మొగుడి ముందు సిగ్గుపడాల్సిన పని ఉండదు.

దొరకవనేది సాకు. సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్లు, చెన్నై తూలిక, బెంగళూరు ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్టు తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం, ప్రింటు తీసి కుట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఫోన్లో చూపించవచ్చు గదా అంటే, చూపించవచ్చు. ఫోను మీద బిడ్డ వేలు పడగానే ఇంకో వీడియో వస్తుంది, కాగితం మీద పడితే మేక అక్కడే ఉంటుంది. ఇక ఎలా పంచాలంటారా? అమెరికాలో 1989లో బోస్టన్ ఆసుపత్రి డాక్టర్లు పరీక్షకొచ్చిన బిడ్డకు మందుచీటీతోపాటు పుస్తకం ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో 1992లో బర్మింగ్‌హామ్‌లో చంటిపిల్లల కుటుంబాలకు పుస్తకాలు పంచారు. మన దగ్గర టీకాల రోజున తల్లులందరూ ఎలాగూ ఒకచోటికే వస్తారు. చెట్టుకింద వరసలో కూచున్న ఆ గంటసేపు నాలుగు పుస్తకాలు వాళ్ల మధ్య పడేస్తే చాలు, దానికి జీవో అక్కర్లేదు.

ఈసారి బెజవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లేటప్పుడు మీ వీధిలోనో, మీ పనమ్మాయి ఇంట్లోనో ఉన్న చిన్నతల్లిని, వీలైతే ఆమె మొగుణ్ని కూడా వెంట తీసుకెళ్లండి. ఏ పుస్తకమో వాళ్లనే ఎంచుకోనివ్వండి. మీరు బిల్లు కట్టండి.