సెలవు ఎవరిది?

ఉమ్ ఘువైలినాలోని మా గది నుంచి కార్నిష్‌కు నడిచి వెళ్ళొచ్చు. దోహాకు వచ్చినప్పటి నుంచి నా శుక్రవారం సాయంత్రాలు చాలావరకు అక్కడే గడిచాయి. టీ కప్పు పట్టుకుని గట్టుమీద కూర్చుంటే ఒకపక్క చెక్క పడవలు, అవతలి ఒడ్డున అద్దాల మేడలు. నాకు సముద్రం పాతబడిపోయింది. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఉన్న నా భార్య, పిల్లలు మాత్రం ఇంతవరకు సముద్రం చూడలేదు.

అందుకే ఈసారి సెలవులో మూడు రోజులు విశాఖపట్నం పోదామనుకున్నాం. వరంగల్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే దిగుతాం. రామకృష్ణా బీచి, 2002 నుంచి ఆ ఒడ్డున మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, ఒక పూట భీమిలి. కాగితం మీద రాయడం తేలికే.

చిక్కంతా క్యాలెండరు దగ్గర వచ్చింది. ఖతార్ 2004 కార్మిక చట్టం ప్రకారం ఐదేళ్ళ సర్వీసు నిండినవాళ్ళకు ఏడాదికి కనీసం నాలుగు వారాల సెలవు. నాకున్నవి ఆ 28 రోజులే. అందులోనే వేములవాడలో కోడె మొక్కు, ఇంటి స్లాబు మరమ్మతు, రెండు పెళ్ళిళ్ళు, బ్యాంకు పని. మిగిలినవి అవ్వకు. మోకాళ్ళ నొప్పులతో ఆమె రైలెక్కలేదు. "నేనెందుకు బిడ్డా, మీరు పోయి రాండ్రి" అంది. ఆ మాట విన్నాక, ఆ మూడు రోజులూ డెబ్బై దాటిన మనిషి దగ్గర లాక్కుంటున్నట్టే అనిపించింది.

పిల్లలకివ్వాలా, తల్లికివ్వాలా? గదిలో మిత్రులను అడిగాను. "సంపాదించేది నువ్వు, సెలవు నీది, నీ ఇష్టం" అన్నాడొకాయన. "సెలవు మనది కాదబ్బా, ఇంటోళ్ళకు బాకీ" అన్నాడు కడప నుంచి వచ్చిన పెద్దాయన. రెండూ సబబుగానే తోచాయి. పంచి ఇచ్చేవాణ్ణి నేనేనన్న విషయంలో మాత్రం ముగ్గురికీ అనుమానం రాలేదు.

ఆ అనుమానం మా పెద్దమ్మాయికి వచ్చింది. ఫోనులో అడిగింది: "బాపూ, నువ్వొస్తెనే సముద్రం జూడాల్నా? నువ్వు లేనప్పుడు పోతె ఏమైతది?"

సెలవు అంటే అనుమతి కూడా. పెద్దల దగ్గర సెలవు తీసుకుని బయల్దేరతాం. 2018 దాకా ఇక్కడ నాలాంటివాళ్ళు దేశం దాటాలంటే యజమాని అనుమతి కాగితం ఉండాలి. ఒకసారి టికెట్ జేబులో పెట్టుకుని ఆ సంతకం కోసం రెండు రోజులు తిరిగాను. ఆ ఏడాది చట్టం మారి చాలామందికి ఆ బాధ తప్పింది. కానీ తెలియకుండానే నేను మా ఇంట్లో అలాంటి సంతకం పెట్టే కుర్చీలో కూర్చున్నాను. నేనొస్తే మొక్కు, నేనొస్తే కొత్త బట్టలు, నేనొస్తే సముద్రం.

ఆగమని నేనెప్పుడూ చెప్పలేదు, నిజమే. వాళ్ళు ప్రేమతోనే ఆగారు. కానీ వద్దని కూడా నేను చెప్పలేదు. ఎదురుచూస్తున్నారంటే నాకు బాగుండేది. అమ్మాయికి పదకొండేళ్ళు. ఆ వయసు నా సెలవు కోసం ఆగదు కదా.

దసరా సెలవుల్లో అక్కావాళ్ళతో కలిసి పొమ్మన్నాను. నా భార్య రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. "నువ్వు లేకుంట పోయి ఏం జూస్తం?" అంది. ఆమె బాధ అబద్ధం కాదు. చిన్నోడు మొదటిసారి అలను చూసి వెనక్కి పరిగెత్తడం నేను చూడలేను. అది నష్టమే, త్యాగమని దానికి పెద్ద పేరు పెట్టుకోను.

టికెట్లయ్యాయి. నా 28 రోజుల్లో మూడు అవ్వ దగ్గరే ఉంటాయి. ఇన్నేళ్ళూ నెలనెలా డబ్బు పంపాను, అదేమంత కష్టమనిపించలేదు. నేను లేకుండా కూడా మీరు సంతోషంగా ఉండొచ్చని నా నోటితో చెప్పడానికే ఇంతకాలం పట్టింది.